పీరియడ్ మీద పడ్డ కోత

"కోత, కోత అంటున్నరు. ఎక్కడున్నది బిడ్డా కోత? నాకు చూపెట్టు."

అడిగినాయన ట్రెజరీ శాఖలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఎదురుగా కూర్చున్నది ఆయన మేనకోడలు. 2024 డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచర్‌గా ఎంపికై, పెగడపల్లి మండలంలోని ఓ ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెబుతోంది. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులు, నలభై మంది దాకా పిల్లలు, ఇద్దరు టీచర్లు. సెలవు రోజున ఆమె మామ ఇంటికి వచ్చిందంటే ఈ వాదన తప్పదు. ఆయన జీవితమంతా బిల్లులు చూసినవాడు. ఆమె రోజూ గడియారం చూస్తూ తరగతులు మార్చే మనిషి. ఇద్దరూ లెక్క లేకుండా మాట్లాడరు.

ఆయన లెక్క సూటిగానే ఉంది. 2023-24 రాష్ట్ర బడ్జెట్‌లో విద్యకు 19,093 కోట్ల రూపాయలు. 2024-25లో 21,292 కోట్లు. 2025-26లో 23,108 కోట్లు. "ఏటేటా పెరుగుతనే ఉన్నది. పెరిగిన పద్దును పట్టుకొని తగ్గిందంటే ఎవరు నమ్ముతరు?"

"మొత్తం బడ్జెట్ ఎంత పెరిగిందో కూడ చెప్పు మామా" అన్నది ఆమె. తెలంగాణ ఏర్పడ్డ మొదటి ఏడు, 2014-15లో, సుమారు లక్ష కోట్ల బడ్జెట్‌లో చదువుకు 10,963 కోట్లు కేటాయించారు. అంటే దాదాపు 11 శాతం. 2025-26లో బడ్జెట్ మూడు లక్షల కోట్లు దాటింది. చదువు వాటా ఏడున్నర శాతం దగ్గర ఆగింది. మొత్తం మూడింతలైంది, చదువు పద్దు రెండింతలే అయింది.

మామ దీనికి తడుముకోలేదు. వాటా తగ్గడమంటే కోత కాదన్నాడు. రైతుబంధు, కొత్త పింఛన్లు, కొత్త పథకాలు వచ్చి చేరితే పాత పద్దుల శాతం దానంతటదే దిగుతుంది. 2015 పీఆర్సీలో 43 శాతం ఫిట్‌మెంట్, 2021లో 30 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చిన సర్కారు టీచర్ల మీద ఖర్చు తగ్గించిందని ఎట్లా అంటారని అడిగాడు. "నీ జీతం గూడ అండ్లకెల్లే వస్తంది."

"వస్తంది. కాదనను. పెరిగిన పైసల్ల ఎక్కువ భాగం మా జీతాలకే పోయింది. నేననేది వేరే. జీతమిచ్చి టీచర్ను బడికి తెచ్చిన్రు. ఆ టీచరు పొద్దంత పాఠమే చెప్పాల్నంటే ఇంకా కొందరు ఉండాలె. ఊడ్చేటామె, కాగితాలు రాసేటాయన, మాకు సెలవైతే ఆ పూట వచ్చి నిలబడేటోళ్లు. వాళ్ల పైసలు ఆపిన్రు. అవి చిన్న పైసలు, నీ పద్దులల్ల కనవడయ్. కోత పీరియడ్ల మీద పడ్డది."

ఈ మాట దగ్గర ఆగాలి. ప్రభుత్వ బడికి నిధులు తగ్గాయంటే మనకు పెచ్చులూడిన గోడ, విరిగిన బెంచీ కళ్ల ముందు మెదులుతాయి. అవి కంటికి కనిపించే నష్టాలు, ఎప్పుడో ఒకప్పుడు బాగవుతాయి. పోయిన బోధన గంట కనిపించదు, బాగు చేయడానికి వీలూ లేదు. మూడో తరగతి పిల్ల భాగహారం నేర్చుకోవాల్సిన ఆ వారం ఆమెకు మళ్లీ రాదు. అందుకే 2009 విద్యాహక్కు చట్టం గదుల సంఖ్యతో పాటు గంటలనూ రాసిపెట్టింది. ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు. ఆరు నుంచి ఎనిమిదికి 220 పనిదినాలు, వెయ్యి గంటలు. మన అకడమిక్ క్యాలెండర్లలో పనిదినాలు 230కి అటూఇటూగా ఉంటాయి. కాగితం మీద చట్టానికి లోటు లేదు. బడి తెరిచిన రోజులన్నీ లెక్కకొస్తాయి. తెరిచిన బడిలో పాఠం ఎన్ని గంటలు నడిచిందో మాత్రం ఎక్కడా లెక్కకు రాదు.

ఆమె మొదట ఊడ్చేటామె సంగతే తీసింది.

2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడే దాకా సర్కారు బడుల్లో స్కావెంజర్లు ఉండేవారు. నెలకు రెండు మూడు వేల రూపాయల పార్ట్‌టైం పని. బడులు మళ్లీ తెరిచినప్పుడు వాళ్లను వెనక్కి పిలవలేదు. బడుల పారిశుద్ధ్యం గ్రామ పంచాయతీలు, మున్సిపాలిటీలే చూసుకోవాలన్నారు. పంచాయతీ కార్మికులకు మురికి కాలువలు, చెత్త ట్రాక్టర్, నర్సరీ, చెట్లకు నీళ్లు ముందే ఉన్నాయి. బడి గేటు దాకా వచ్చిన రోజు వస్తారు, రాని రోజు రారు. మరుగుదొడ్డి కడగడం తమ పని కాదంటారు. ఆ పైన 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగే దాకా పంచాయతీలకు సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎవరిని అడగాలో హెడ్మాస్టరుకూ తెలియని పరిస్థితి.

"ఇప్పుడిస్తున్నరు గదా" అన్నాడు మామ. ఇచ్చిన మాట నిజమే. 2024 ఆగస్టులో ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా పారిశుద్ధ్యానికి నిధులు మంజూరు చేసింది. పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3 వేల రూపాయల నుంచి 20 వేల దాకా.

"ఇచ్చిన్రు, మంచిదే. నడుమ నాలుగేండ్లు ఎవరు ఊడ్చిన్రు మామా? టీచర్లు ఊడ్చిన్రు, పోరగాండ్లు ఊడ్చిన్రు. ఆడపిల్లలు నీళ్ల బకెట్లు మోసిన్రు. 2020ల ఒకటో తరగతిల చేరిన పిల్లకు ఊడ్చే మనిషి వచ్చేటాళ్లకు అయిదో తరగతి వచ్చింది. చిన్నబడి చదువంత అయిపాయె."

రోజుకు ఇరవై నిమిషాలే పోయాయనుకుందాం. ప్రార్థనకు ముందు మొదలుపెట్టిన ఊడ్పు మొదటి పీరియడ్‌లోకి జొరబడే కాలం అంతకు తక్కువేమీ కాదు. 230 రోజులకు అది 76 గంటలు. చట్టం చెప్పిన 800 గంటల్లో దాదాపు పదో వంతు. నెలకు రెండు మూడు వేలు మిగుల్చుకోవడానికి ఒక బడి చెల్లించిన ధర అది. ఆ నిమిషాలకు జీతం లెక్క కడితే, ఖజానాకూ అది లాభం బేరం కాదు.

రెండోది విద్యా వలంటీర్ల సంగతి. ఇక్కడ మామకు తన సర్వీసు తొలినాళ్లు గుర్తుకొచ్చాయి. 1980లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లను వేసుకుంది. ఆ తరం టీచర్లను ఇప్పటికీ '398 టీచర్లు' అనే పిలుస్తారు. ఆ కాలం సర్వీసుకు నోషనల్ ఇంక్రిమెంట్ల కోసం వాళ్లు ఏళ్ల తరబడి తిరిగారు. తర్వాత అప్రెంటిస్ పద్ధతి వచ్చింది, ఆ తర్వాత వలంటీర్లు. "సర్కారు ఎన్నడూ పుష్కలంగ ఇయ్యలే బిడ్డా. చౌకగనే నడిపిచ్చింది. అయినా ఆ బడులల్లనే చదివి మేం కొలువులు కొట్టినం. ఇయ్యాల కొత్తగ పుట్టిన కష్టమేం కాదు."

"అప్పుడు చౌకగనన్న ఒక మనిషిని ఇచ్చిన్రు మామా. 2020 తర్వాత ఆ మనిషినే ఇయ్యలే."

ఆమె చెప్పింది రికార్డులో ఉన్నదే. కరోనాకు ముందు తెలంగాణలో దాదాపు 12 వేల మంది విద్యా వలంటీర్లు నెలకు 12 వేల రూపాయల గౌరవ వేతనంతో ఖాళీ పోస్టుల్లో పాఠాలు చెప్పేవారు. 2020-21 నుంచి వాళ్లను రెన్యువల్ చేయలేదు. రెగ్యులర్ నియామకాలు చూస్తే, 2017లో 8,792 పోస్టులకు టీఆర్‌టీ నోటిఫికేషన్ వచ్చాక, తర్వాతి నియామకాలకు 2024 దాకా ఆగాల్సి వచ్చింది. 2023లో 5,089 పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులతో కొత్తది వచ్చింది. అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో పది వేల మందికి నియామక పత్రాలిచ్చారు. వాళ్లలో ఈ మేనకోడలూ ఒకరు. నడుమ అంతకాలం ఖాళీలను ఎవరు మోశారు? ఉన్న టీచర్లే మోశారు. రిటైర్మెంట్ వయసును 2021లో 58 నుంచి 61కి పెంచబట్టి మూడేళ్లు కొత్త ఖాళీలు పెద్దగా రాలేదని మామ గుర్తుచేశాడు. అది సరైన మాటే. పెంచకపోతే ఇంకెన్ని తరగతులు ఖాళీగా ఉండేవో అన్నది ఆమె జవాబు. అదీ సరైన మాటే.

ఇద్దరు టీచర్ల బడిలో ఒకరు లేకపోతే ఏమవుతుందో ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిషు, గణితం. మూడు, నాలుగు, అయిదు తరగతులకు వాటితో పాటు పరిసరాల విజ్ఞానం. మొత్తం 18 పాఠాలు. రోజుకు ఉండేది ఏడెనిమిది పీరియడ్లు. ఇద్దరుంటే తలా తొమ్మిది. ఒక్కరుంటే పద్దెనిమిదీ ఆ ఒక్కరి మీదే. అయిదు తరగతులనూ ఒక గదిలోకి తెచ్చి, ఒకరికి పాఠం చెబుతుంటే నలుగురికి రాతపని ఇవ్వాలి. "తొలిమెట్టు" కార్యక్రమం 2022 ఆగస్టు 15న మొదలైంది. ఒక్కో పిల్ల చదివే స్థాయిని బట్టి విడిగా చెప్పాలన్నది దాని ఉద్దేశం. మంచి కార్యక్రమం. కానీ విడిగా చెప్పాలంటే విడిగా ఒక మనిషి కావాలి. ఇంగ్లిషు మీడియం వచ్చాక, ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిషు ఉన్న పుస్తకంతో ఇదంతా చేయాలి.

బడిలో ఒకరు లేకపోవడానికి సెలవు పెట్టడమొక్కటే కారణం కాదు. ట్రైనింగ్, కాంప్లెక్స్ మీటింగ్, బీఎల్‌వో పని, మధ్యాహ్న భోజనం లెక్క, యూడైస్ ఎంట్రీలు, అపార్ నంబర్లు, ఆధార్ సవరణలు. ప్రాథమిక బడికి గుమాస్తా ఉండడు. కంప్యూటర్ ఉన్నా దాని ముందు కూర్చోవడానికి మనిషి ఉండడు. ఆ పని టీచరు ఫోన్‌లోనే, పిల్లల ముందే జరుగుతుంది. మండల రిసోర్స్ సెంటర్లలో ఈ పని చూసేది సమగ్ర శిక్ష కాంట్రాక్టు ఉద్యోగులు. వాళ్లు తమ క్రమబద్ధీకరణ కోసం 2024 డిసెంబర్‌లో సమ్మెకు దిగితే, కస్తూర్బా విద్యాలయాల్లో పాఠాలు ఆగాయి. అక్కడికి సర్కారు బడుల టీచర్లను సర్దాల్సి వచ్చింది. ఒక చోట చాలీచాలని జీతం సమస్య ఇంకో చోట పీరియడ్‌ను తినేసింది.

ఇక్కడ మామ తన బలమైన అస్త్రం తీశాడు.

"సరే. కేంద్రం 2024-25 లెక్కలు చూసినవా? ఒక్క పిల్ల గూడ లేని బడులు మన రాష్ట్రంల 2,245. ఆ బడుల మీద చూపెట్టిన టీచర్లు 1,016 మంది. పిల్లల్లేని బడికి టీచర్ను పెట్టిన సర్కారు పైసలిస్తలేదంటె నేనొప్పుకోను. పైసలున్నయ్. సర్దుడే చాతనైతలేదు."

ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒప్పుకుంది. పిల్లల్లేని టీచరు ఒక చోట, టీచర్లేని పిల్లలు ఇంకో చోట ఉండటం నిధుల కొరత కాదు, అది పాలన లోపం. టీచర్ల సంఘాలు కూడా దీని గురించి గట్టిగా మాట్లాడాలి. బదిలీలు, సర్దుబాట్లు ఎండాకాలం సెలవుల్లో అయిపోవాలి. బడులు తెరిచిన నెలల్లో సర్దుబాటు ఉత్తర్వులు వస్తే, ఆ నెలల్లో పోయిన పాఠాలు పోయినట్లే. ఈ విషయంలో మామ మాట కాదనలేనిది.

కానీ ఆ బడులు ఎట్లా ఖాళీ అయ్యాయన్న ప్రశ్న మిగిలే ఉంది. పొద్దున్నే పెగడపల్లి మండలం ఊళ్లలో పసుపుపచ్చ స్కూల్ వ్యాన్లు తిరుగుతాయి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల చుట్టూ ఎక్కడ చూసినా ఇదే దృశ్యం. ఆ ఫీజులు ఎక్కడి నుంచి వస్తాయో ఈ ప్రాంతం వాళ్లకు ఒకరు చెప్పక్కరలేదు. దుబాయ్‌లో, మస్కట్‌లో, కువైట్‌లో కూలి చేసే నాయన పంపిన పైసలు. ఇంట్లో తల్లి చేటలో ఆకు పెట్టుకొని చుట్టిన బీడీల పైసలు. సిరిసిల్లలో సాంచెల మీద నిలబడి నేసిన కూలి పైసలు. పేదరికం తెలిసిన ఈ తల్లిదండ్రులు ఉచితంగా దొరికే చదువును, ఉచిత భోజనాన్ని, యూనిఫామ్‌ను వదులుకొని పైసలు కట్టి ఏం కొంటున్నారు?

"ఇంగ్లిషు, టై, బూట్లు" అన్నాడు మామ. "అండ్ల చెప్పే పిల్లకు ఎనిమిది వేలో పది వేలో జీతం. నీ జీతంల నాలుగో వంతు గూడ ఉండదు. ఆమె చదువు నీకంటె తక్కువ. అయినా జనం అటే పోతున్నరు. మరి పైసలతోని చదువొస్తదని ఎట్లంటవ్?"

"నువ్వు చెప్పిన దాంట్లనే జవాబున్నది మామా. ఆ బడిల తరగతికో మనిషున్నది. తల్లి గేటు కాడ నిలవడి చూస్తె ప్రతి గదిల ఒక టీచర్ కనవడ్తది. నా బడిల ఇద్దరమే, అయిదు తరగతులు. తల్లులు నా డీఎడ్డు చూడరు, నా ర్యాంకు చూడరు. తన పిల్ల పొద్దంత ఎవరి ముందట కూసుంటున్నదో చూస్తరు. వాళ్లు కొనేది టైము."

ఈ వాదనంతటిలో మనసు పెట్టి వినాల్సిన మాట ఇదేననిపిస్తుంది. సర్కారు బడి మీద నమ్మకం పోవడానికి మనం భాషను, ఫ్యాషన్‌ను, టీచర్ల అలసత్వాన్ని తప్పుపడతాం. వాటిలో కొంత నిజం ఉంది. కానీ ఒక తల్లి తన బిడ్డ ముందు మనిషి ఉండాలని కోరుకోవడం ఫ్యాషన్ కాదు. విద్యాహక్కు చట్టం అరవై మంది లోపు పిల్లలకు ఇద్దరు టీచర్లు చాలంది. తరగతికి ఒకరు అనలేదు. అయిదు తరగతులకు ఇద్దరే ఉన్న బడి నుంచి పది మంది పిల్లలు వెళ్లిపోతారు. పిల్లలు తగ్గారని ఒక పోస్టు వెళ్లిపోతుంది. ఒక్కరే మిగిలాక మిగతా పిల్లలూ పోతారు. తర్వాత ఆ బడి సున్నా లెక్కలోకి చేరుతుంది. అప్పుడు ఆ సున్నాను చూపించి, ఖర్చు దండగంటారు.

కలిపేస్తే సరి కదా అన్నాడు మామ. చిన్నచిన్న బడులన్నీ ఒక చోటికి తెచ్చి తరగతికో టీచర్ను ఇయ్యొచ్చు. వినడానికి సబబుగానే ఉంది. పక్క రాష్ట్రం ఈ దారి తొక్కింది. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ జీవో 117 తెచ్చి, మూడు, నాలుగు, అయిదు తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు తరలించడం మొదలుపెట్టింది. పెద్ద తరగతులకు సబ్జెక్టు టీచర్లు దొరికారు, నిజమే. వెనక మిగిలిన ఒకటి, రెండు తరగతుల బడులు ఏకోపాధ్యాయ బడులయ్యాయి. 2024-25 కేంద్ర లెక్కల్లో దేశంలోని ఏకోపాధ్యాయ బడులు లక్ష దాటితే, వాటిలో 12,912 ఆంధ్రప్రదేశ్‌వే. దేశంలో అదే మొదటి స్థానం. 2025లో అక్కడి ప్రభుత్వం ఆ జీవోను పక్కనపెట్టి మళ్లీ పద్ధతి మార్చింది. మూడేళ్లు ఒకటో తరగతి పిల్లలు ఆ మార్పుల మధ్య నలిగారు. ఆరేళ్ల పిల్ల పక్క ఊరికి నడిచి పోలేదు. బస్సు పెడితే దానికీ నిధులు కావాలి.

కట్టడాల సంగతి మామ ఎత్తాడు కానీ ఎక్కువసేపు నిలబడలేదు. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన "మన ఊరు-మన బడి"లో 26,065 బడులకు 7,289 కోట్ల రూపాయలు అనుకున్నారు. సిరిసిల్ల జిల్లా గంభీరావుపేటలో కేజీ టు పీజీ ప్రాంగణం లేచింది. చూసినవాళ్లు మెచ్చుకుంటారు. చాలా ఊళ్లలో మాత్రం బిల్లులు రాక పనులు నడుమ ఆగాయి. ఏది ఏమైనా గది పాఠం చెప్పదు.

సర్వే దగ్గర వాదన వేడెక్కింది.

2024 నవంబర్ 6న రాష్ట్రంలో ఇంటింటి కులగణన సర్వే మొదలైంది. 36,559 మంది ఎస్జీటీలను, 3,414 మంది ప్రాథమిక పాఠశాలల హెడ్మాస్టర్లను ఎన్యూమరేటర్లుగా తీసుకున్నారు. ప్రాథమిక బడులు మధ్యాహ్నం దాకానే నడిచాయి. పూట బడి దాదాపు మూడు వారాలు.

"అది నిధుల కోత ఎట్లయితది? బీసీల లెక్క తేలొద్దా? ఎన్నేండ్ల సంది అడుగుతున్నరు!"

"తేలాలె. నేను వద్దంటలేను. మా ఇంట్ల గూడ రాసుకున్నరు. కాని పోరగాండ్ల పగలే ఎందుకు తీసుకున్నరు? డిగ్రీలు చదివి ఊళ్లె ఖాళీగున్నోళ్లు లేరా? వాళ్లను వెట్టుకుంటె పైసలియ్యాలె, నేర్పియ్యాలె. మేమైతే ముందుగాల్నే జీతం మీదున్నం. రెక్కల కష్టం మాది, టైము పిల్లలది. గౌరవ వేతనం మాకొస్తది. పిల్లలకు పోయిన గంటలు ఎవరిస్తరు?"

మూడు వారాల్లో పద్దెనిమిది పనిదినాలు, రోజుకు మూడు గంటలు అనుకుంటే 54 గంటలు. 800లో పదిహేనో వంతు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లను బోధనేతర పనులకు వాడొద్దంటూ మూడింటికే మినహాయింపు ఇచ్చింది: పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు. రాష్ట్రం చేసే సర్వే ఆ మూడింటిలో ఎక్కడ ఇముడుతుందో చట్టం చదివినవాళ్లే చెప్పాలని ఆమె అంటే, మామ దగ్గర జవాబు లేకపోయింది. 2027 జనాభా లెక్కలు ముందున్నాయి. అది చట్టం ఒప్పుకున్న పనే. అప్పుడైనా బడి వేళలు కాపాడతారా అన్నది ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న.

మామను ఎక్కువ కదిలించింది ఆమె వాదన కాదు, ఆయన సొంత అనుభవమే. నలభై మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి వచ్చే స్కూల్ గ్రాంటు 25 వేల రూపాయలు. కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్న మరమ్మతులు, జెండా పండుగ ఖర్చు, ఫినాయిల్ అన్నీ అందులోనే. పిల్లకు రోజుకు మూడు రూపాయలు కూడా పడదు. ఆ 25 వేలైనా జూన్‌లో చేతికొస్తే బడి సర్దుకుంటుంది. ఏడాది సగం గడిచాక ఒక విడత, మార్చిలో ఇంకో విడత వస్తే, అప్పటిదాకా టీచరు జేబులోంచి పెట్టాలి, లేకపోతే పని ఆపాలి.

"బిల్లు చేస్తరు, ట్రెజరీల పాసైతది, టోకెన్ నంబర్ వస్తది, ఈ-కుబేర్ల ఆగుతది" అన్నాడు ఆయన నెమ్మదిగా. ఈ ముక్కలో ఆయనకు తెలియంది లేదు. సర్వీసులో ఉన్నన్ని రోజులూ వచ్చిన ప్రతి హెడ్మాస్టరుకూ ఆయన చెప్పిన మాట అదే. కేటాయింపు వేరు, విడుదల వేరు, చేతికి రావడం వేరు.

"అదే నేను చెప్పేది మామా. ఎస్సారెస్పీ కాలువల నీళ్లిడిసినమని పేపర్ల వేస్తరు. చివరి మడి తడవందే నాటు పడ్తదా?"

కేంద్రం నుంచి రాకపోతే రాష్ట్రం ఏం చేస్తుందని మామ అడిగాడు. తమిళనాడుకు సమగ్ర శిక్ష కింద రావాల్సిన 2,152 కోట్లను పీఎంశ్రీ ఒప్పందంతో ముడిపెట్టి ఆపిన వివాదం దేశమంతా చూసింది. పోట్లాట ఢిల్లీకి, చెన్నైకి మధ్య. జీతాలు ఆగింది, శిక్షణలు ఆగింది బడుల్లో. ఈ కోణంలో చూస్తే తప్పు ఒక్క సర్కారుది కాదు, ఒక్క పార్టీది కాదు. తెలంగాణలో వలంటీర్లను ఆపినప్పుడు ఒక పార్టీ ఉంది, సర్వే కోసం బడులను పూటకు కుదించినప్పుడు ఇంకో పార్టీ ఉంది.

బడి గంటలను బాహాటంగానే కోసిన చోటు కూడా ఒకటుంది. అమెరికాలోని హవాయి రాష్ట్రం 2009-10లో డబ్బుల్లేవని సర్కారు బడులకు 17 శుక్రవారాలు సెలవిచ్చింది. టీచర్ల జీతం ఆ మేరకు కోశారు. 180 రోజుల బడి 163 రోజులకు దిగి, ఆ దేశంలోనే అతి తక్కువ రోజులు నడిచిన బడులుగా పేరుపడింది. తల్లిదండ్రులు ఊరుకోలేదు. కోర్టుకెక్కారు, గవర్నర్ కార్యాలయంలో బైఠాయించారు. తర్వాతి ఏడాదికి ఆ శుక్రవారాలు తిరిగొచ్చాయి. అక్కడ పోయిన రోజులు క్యాలెండర్‌లో కనిపించాయి కాబట్టి పోట్లాడటానికి వీలు చిక్కింది. మన దగ్గర ఏ శుక్రవారమూ పోదు. బడి తలుపు తెరిచే ఉంటుంది, హాజరు పడుతుంది, భోజనం పెడతారు. పోయేది ఒక్కో పూట, ఒక్కో పీరియడ్. పోయిందని ఎవరూ ప్రకటించరు. ప్రకటించని కోత మీద ఏ తల్లి ధర్నా చేస్తుంది?

మామ చివరిదాకా ఒక మాట మీద నిలబడ్డాడు. పైసలు పెంచినా అజమాయిషీ లేకపోతే గంటలు మిగలవు. టీచర్లందరూ నీలాంటోళ్లే ఉండరు అన్నాడు. దానికీ ఆమె దగ్గర జవాబుంది. ఏకీకృత సర్వీసు నిబంధనల కేసులు ఏళ్ల తరబడి సాగి, మండల విద్యాధికారి కుర్చీల్లో ఎక్కువ చోట్ల ఉన్నత పాఠశాలల హెడ్మాస్టర్లే ఇన్‌ఛార్జీలుగా కూర్చుంటున్నారు. ఆ హెడ్మాస్టరు తన బడి చూసుకోవాలా, మండలంలోని బడులన్నీ తిరగాలా? అజమాయిషీ చేసే మనిషిని పెట్టకపోవడమూ మిగుల్చుకున్న ఖర్చే.

"అయితే ఏం చెయ్యమంటవ్?" అని మామ అడిగాడు. బోధన గంటల రిజిస్టర్ పెట్టాలని ఆయనే సూచించాడు. ఏ రోజు ఎన్ని గంటలు పాఠం నడిచిందో రాయాలి.

ఆమె నవ్వలేదు. "అది గూడ మేమే రాయాల్నా? ఇంకో రిజిస్టరా? అది రాసే టైముల ఒక పాఠం చెప్పొచ్చు." టీచరు తన గంటలు తానే రాసుకుంటే మామే నమ్మడని కూడా అన్నది. రాయాల్సింది తల్లులని ఆమె వాదన. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి అధ్యక్షురాలు మహిళా సంఘం నుంచే ఉంటుంది, హెడ్మాస్టరు కన్వీనర్. బడి గోడకు ఒక క్యాలెండర్ వేలాడదీసి, ఈ రోజు బడికి ఎందరు టీచర్లు వచ్చారు, ఎంతసేపటిదాకా ఉన్నారు, లేనివాళ్లు ఏ పని మీద పోయారు అన్న మూడు ముక్కలు రాస్తే చాలు. సెలవైతే సెలవని, సర్వేకైతే సర్వేకని. టీచరు తప్పుంటే అదీ బయటపడుతుంది, సర్కారు తప్పుంటే అదీ బయటపడుతుంది. మామ దానికి ఒప్పుకున్నాడు. టీచర్ల సంఘాలు ఒప్పుకుంటాయా అన్న అనుమానం మాత్రం వదల్లేదు.

సంఘాలు ఒప్పుకోవాలి. దాచాల్సింది లేని టీచరుకు ఆ క్యాలెండర్‌కు మించిన సాక్ష్యం ఉండదు. రెండేళ్ల ఖాళీ తర్వాత ఊళ్లకు కొత్త సర్పంచులు వచ్చారు. గ్రామసభలో సీసీ రోడ్డు, మోరీ సంగతులతో పాటు బడి గంటల సంగతీ అడగండి. పోయిన ఏడు మన బడిలో ఎన్ని గంటల పాఠం నడిచింది, 800కు ఎంత తక్కువ, ఆ తక్కువకు కారణం ఏ ఖాళీ, ఏ ఆగిన బిల్లు, ఏ డ్యూటీ అని పేరుపేరునా అడగండి. పెగడపల్లి, ధర్మపురి, కోరుట్ల, సిరిసిల్ల ఏ మండలమైనా సరే, బడులు జూన్ 12న తెరుచుకుంటాయి. క్యాలెండర్ ఆ రోజుకే గోడకు ఎక్కాలి.